నీళ్ళ బకెట్‌లోని నా ఇన్‌హేలర్ గురించి

నల్లగుట్టపల్లె,
18-11-1996

జమ్మలమడుగు రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పోలీసు పికెట్ వారు బాంబుగా భావించి స్వాధీనపరచుకున్న ఉబ్బసం ఇన్‌హేలర్‌ను తిరిగి ఇప్పించుట గురించి.

ఈ ఉదయం బడికి పోతూ చూస్తే, పికెట్ గుడారం ముందున్న నీళ్ళ బకెట్‌లో నా ఇన్‌హేలర్ బుడ్డి తొడుగు ఊడిపోయి నిలువుగా తేలుతూ ఉన్నది. నిండుగా ఉంటే మునుగుతుంది. ఖాళీ అయితే అడ్డం తిరుగుతుంది. నిలువుగా ఉన్నదంటే ఇంకా సగం మందు మిగిలి ఉన్నది. అందువల్ల ఈ అర్జీ.

1. నేను మా ఊరి మిషన్ బడిలో టీచరును. చిన్ననాటి నుంచి ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడు ఈ మందు నోటిలోకి కొట్టుకుంటే ఊపిరి గొట్టాలు వదులవుతాయి. గత నెలలో ఊరిలో హత్య జరిగి పికెట్ పెట్టిన తరువాత, ఈ నెల ఎనిమిదవ తేదీన, బస్సు ఎక్కేవారి సంచులు సోదా చేస్తూ హెడ్ కానిస్టేబుల్ తిప్పన్న గారు దీనిని బయటికి తీసి, "ఏందిమ్మా ఇది?" అన్నారు. నలుగురిలో నాకు మాట త్వరగా రాదు. చెప్పడానికి బదులు నొక్కి చూపించాను. బుస్సుమన్నది. వరుసలోని ముప్పై మందీ నేలమీద బోర్లా పడుకున్నారు. తిప్పన్న గారు కూడా. మా ఊరిలో అది అందరికీ అలవాటు. నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను.

2. పక్కింటి బిస్మిల్లా బీ ముందుగా తల ఎత్తి, "ఓ సారూ, లెయ్యప్పా! ఆ పాపకు దమ్ము జబ్బు. గాలి కొట్టుకుంటాది, అంతే. సైకిల్‌కు కొట్టుకోరా ఏంది?" అన్నది. "ఇప్పుడు పేల్లేదు సరే, ఇంగ పేలదని నువ్వు రాసిస్తావా?" అని ఆయన దానిని, దొరికిన బాంబులు నానబెట్టే నీళ్ళ బకెట్‌లో వేశారు.

3. పంచనామాలో "నోటితో పేల్చు నీలిరంగు వస్తువు, ఒకటి" అని వ్రాశారు. మా ఊరిలో ఏ పంచనామాకైనా కక్షలున్న రెండు పార్టీల నుంచి ఒక్కొక్క సాక్షి ఉండాలి. ఆ పార్టీ ఓబయ్య, ఈ పార్టీ రంగన్న సంతకాలు చేశారు. ఈ ఏడాది వారిద్దరూ ఒప్పుకున్న కాగితం ఇదొక్కటే. తిరిగి ఇవ్వాలన్నా ఆ ఇద్దరే సంతకం చేయాలట. ఓబయ్య జైలులో ఉన్నాడు. రంగన్న ఎక్కడున్నాడో ఆయన భార్యకే తెలియదు.

4. ప్రొద్దుటూరు అంగళ్ళలో మాత్రలే దొరికాయి. వేసుకుంటే చేయి వణుకుతుంది. బోర్డు మీద నా అక్షరాలు చూచి పిల్లలు "చలి పెడతాందా టీచర్?" అని అడుగుతున్నారు.

5. ఆయాసం ఎక్కువైనప్పుడు గోడ పట్టుకుని కూర్చుంటాను. ఎవరినీ పిలవలేను. ఇంట్లో పిలవడానికి ఎవరూ లేరు కూడా. ఈ అంశం అర్జీకి అవసరం లేదనుకుంటే కొట్టివేయగలరు.

కావున సాక్షుల కొరకు ఆగకుండా, నా ఒక్క సంతకం తీసుకుని సదరు వస్తువును ఇప్పించ ప్రార్థన. తడిసినా చెడదు, తుడుచుకుంటాను. బుడ్డి అడ్డం తిరిగేలోపు తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కె. విమల

మరొక మనవి: అదే బకెట్ అడుగున ఒక స్టీలు టిఫిను డబ్బా ఉన్నది. మూత మీద "ప్రేమమ్మ" అని చెక్కి ఉన్నది. ప్రేమమ్మ చనిపోయిన మా అమ్మ. ఆ డబ్బాలో అన్నం కట్టుకుని వెళ్ళిన మా అన్న సాలోమోను పంతొమ్మిది రోజులుగా ఇంటికి రాలేదు.