ఆ కమాను కింద నుంచి నన్ను మోయొద్దు

కృష్ణా జిల్లా ఘంటసాల మండల వాస్తవ్యుడను, సైన్యంలో హవల్దారుగా రిటైరైన గుత్తికొండ శోభనాద్రి అను నేను, డెబ్బై ఆరో ఏట, ఎవరి ఒత్తిడీ ఏ మందుల మత్తూ లేకుండా వ్రాయించిన వీలునామా. షెల్లు పేలి చెవులు పోయాయి గానీ మతి పోలేదు. పోయిందని మా అబ్బాయి వాదిస్తాడని డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేశాను.

1. డాబా ఇల్లు నా భార్య ప్రభావతికి. నా మిలిటరీ కంబళి కూడా ఆమెకే. గుచ్చుకుంటుందని ఏడాది పొడుగునా సణిగి, చలి రాగానే అదే లాక్కుంటుంది. ఇక లాక్కోనక్కర్లేదు.

2. బీరువా నిండా ఉన్న సన్మానం శాలువాలు బావమరిది వెంకట్‌కు. ప్రతి ఆగస్టు పదిహేనుకీ మైకు పట్టుకుని, నేను ఒంటిచేత్తో శత్రువుల్ని తరిమానని చెప్పి ఒకటి కప్పేవాడు. అక్కడ ఇద్దరం ఉన్నాం బాబూ అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

3. ఆ రెండోవాడు మా ఊరి దళితపేట నుంచి నాతోపాటు సైన్యంలో చేరిన దయానందం. డెబ్బై ఒకటి యుద్ధంలో, పడమటి సరిహద్దున, మా ట్రెంచి మీద షెల్లు పడి నేను గుండెల దాకా మట్టిలో కూరుకుపోయాను. వాడొక్కడే మెషీన్‌గన్‌తో శత్రువుల్ని ఆపాడు. కాస్త సందు దొరగ్గానే చేతుల్తో మట్టి తోడి నన్ను బయటికి లాగాడు. అప్పుడే తూటా తగిలి నా ఒళ్లో పోయాడు. మనవాళ్లు వచ్చేదాకా ఆ గన్ను నేను పట్టుకున్నాను. పతకం నాకిచ్చారు. వాడి సంగతి చెబితే, చూసింది నువ్వొక్కడివే, చాలదన్నారు.

ఆ పతకం వాడి కొడుకు బెంజమిన్‌కు చెందాలి. ఇదివరకు ఇస్తే తీసుకోలేదు. ముందు ఊళ్లో నాన్న పేరు రాయించండి బాబాయిగారూ అన్నాడు. ఈసారైనా పుచ్చుకోమని బతిమాలుతున్నాను.

4. రెండెకరాల మాగాణి మా అబ్బాయి గిరిధర్‌కు, షరతు మీద. ఊరి మొదట్లో నా పేరున కమాను కట్టించిన కమిటీకి వాడే ప్రెసిడెంటు. దయానందం పేరు కూడా వెయ్యరా అంటే చోటు లేదన్నాడు. దాతల పేర్లకు చోటుంది, నాయకుల బొమ్మలకు చోటుంది! పేటవాడి పేరు కింద నుంచి మనం నడవాలా అని పెద్దలు అన్నారట. ఆ మాట నాతో అనలేక చోటు లేదన్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆనాటి నుంచి నేను ఆ కమాను దాటలేదు. మోకాళ్లు పట్టేసినా కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగే వస్తున్నాను.

నేను పోయేలోగా కమాను మీద దయానందం పేరు పడకపోతే, నా శవం కూడా దాని కింద నుంచి వెళ్లకూడదు. మనవాళ్ల శవాలు పేటలోంచి పోవు. నాది పోవాలి. శ్మశానానికి వెళ్లే దారిలో పాడె దింపి, చెవిలో పేరు పిలిచే చోటు దయానందం ఇంటి గుమ్మం ముందు కావాలి. ఇది జరగకపోతే మాగాణి బెంజమిన్‌కు పోతుంది. జరిగిందీ లేనిదీ తేల్చవలసినది బందరులో లాయరైన నా మేనకోడలు హిమబిందు.

అక్కడ గిరిధరే వంగి పిలవాలి. నా పేరు కాదు, దయానందం పేరు. నాకు చెవుడు కదా, పేటంతా వినపడేలా పిలవాలి.

బందరు, 2025 డిసెంబరు 9.

(సంతకం) గుత్తికొండ శోభనాద్రి

సాక్షులు: రామలక్ష్మి, రిటైర్డ్ టీచరు, ఘంటసాల; కొండయ్య, రైతు, చల్లపల్లి.