బూట్ల పెట్టెకి ఎదురు మేక

వసిగోచి గ్రామం, లోయ అంచు

చివావా నగరంలో ఉన్న అలతియెర్రా బూట్ల కంపెనీ పెద్దలకి, మా పోటీదారులకి,

క్విరా, అంటే దండాలు! పైనున్న తండ్రి మీ మోకాళ్ళని చల్లగా చూడాలి. పందెం రోజు దాకా చూస్తే చాలు, ఆ తర్వాత సంగతి మేం చూసుకుంటాం.

నేను సెనోబియాని. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ పందెం పెద్దని. నాకు చదువు రాదు. మందుల గదిలో పనిచేసే నర్సు ఇలారియా రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయకపోతే ఆమెకి మా ఇంట మొక్కజొన్న కల్లు పుట్టదు.

మీ పెట్టె చేరింది. అందులో కొత్త బూట్లు, పైన ఒక కాగితం. ఇలారియా చదివింది: "మా బూటు వేసుకున్నవాళ్ళని ఎవరూ దాటలేరు. దమ్ముంటే పరుగెత్తి చూడండి!" చదవగానే మా ఆడవాళ్ళు వేసిన కేకలకి కోళ్ళు చెట్టెక్కాయి. సరుకు పంపి, పక్కన సవాలు పెట్టాక, పందెం కాయడమంటే ఇంకేం కావాలి?

మీకు తెలియదు, మేం ఎంతగా ఎదురుచూస్తున్నామో. ఏటి అవతల రికుబాచి ఊరి ఆడవాళ్ళు మాకు తాతల నాటి పోటీదారులు. వానల్లేక ఒక్కొక్కళ్ళే పనులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. ఎక్కడికో కూడా తెలియదు. అప్పట్నుంచి మాకు ఎదురు నిలిచే జట్టు లేదు. మాలో మేమే చీలి పరుగెత్తితే అది పందెమా? వదినా మరదళ్ళ గొడవ. ఈ ఏడూ పందెం లేకపోతే మా పిల్లలు కర్రతో వలయం విసిరి దాని వెంట పరుగెత్తడం కూడా మరిచిపోతారు. ఇంతలో మీ పెట్టె!

మీ బూట్లకి సరిసమానంగా నా నల్ల మేకని కాశాను. మా పద్ధతి ప్రకారం రెండు పక్షాల సరుకునీ కలిపి కట్టేశాం. గెలిచినవాళ్ళు రెండూ పట్టుకుపోతారు. మీ జట్టులో ఆడవాళ్ళెవరో, ఎప్పుడొస్తారో చెప్పండి.

ఇట్లు,
వసిగోచి పందెం పెద్ద సెనోబియా
(ఎడమ కాలి బొటనవేలి ముద్ర. చేతివేలి ముద్ర ఎవరైనా వేస్తారు.)

తా.క.: పెట్టెకి కట్టిన మేక రాత్రికి రాత్రే అట్ట ఒక మూల తినేసింది. పందెం సరుకు తరిగిందని మీరనకుండా మా వైపు నుంచి ఒక ఉన్ని దుప్పటి కలిపాను. బూట్లని మాత్రం అది వాసన చూసి వదిలేసింది.

*

చివావా నగరం

గౌరవనీయులైన శ్రీమతి సెనోబియా గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఆఫీసులో అందరం చదువుకున్నాం. మేనేజరు ఎవరార్దో గారు రెండుసార్లు చదివించుకున్నారు.

చిన్న పొరపాటు జరిగిందండీ. మేం పంపినది పందెం కాదు, కానుక. ఆ కాగితం మీద ఉన్నది ప్రకటన. అది అన్ని పెట్టెల్లోనూ ఉంటుంది. మీ పరుగుల పేరు విని, మీ ఆడపిల్లలు మా బూట్లు వేసుకుని పరుగెడుతుంటే ఫొటోలు తీసుకోవాలని మాత్రమే మా కోరిక.

ఈ బూట్ల మడమలో మూడు పొరల మెత్త ఉంది. పరుగెత్తేటప్పుడు మడమ నేలకి బలంగా తగులుతుంది కదా, ఆ దెబ్బ మోకాలికి ఎక్కకుండా ఈ మెత్త మింగేస్తుంది. నమ్మకం కుదరడానికి ఇంకొక పెట్టె పంపుతున్నాం. దయచేసి దీన్ని దేనికీ కట్టకండి. కాళ్ళకి తొడగండి.

ఆ మేకని కూడా విప్పేయమని మనవి.

భవదీయురాలు,
రెబెకా ఓల్గీన్
ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం

తా.క.: మేనేజరు గారు అడగమన్నారు: మేక తిన్న మూల కంపెనీ పేరున్న మూలేనా?

*

వసిగోచి

కానుకల రెబెకాకి,

క్విరా. కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

అందరికీ పంపే సవాలా అది? అంటే కనిపించిన ప్రతి ఊరితోనూ పందెం కాసి, ఎవరైనా సై అంటే "అబ్బే, ఊరికే అన్నాం" అంటారా? ఇంత పిరికి జట్టుని నా పుట్టుకలో చూడలేదు. మా ఊళ్ళల్లో ఒకసారి కట్టిన సరుకు పరుగు అయ్యాకే విప్పుతారు. మేక ఇంకా కట్టే ఉంది. అది అరిచినప్పుడల్లా మీ పేరు చెప్పి ఊరుకోబెడుతున్నాను.

రెండో పెట్టె వచ్చింది. ముందు మా వైద్యుడి చేత పొగ వేయించాను. మింగే బూట్లంటే మాటలా? ఈ రోజు దెబ్బని మింగుతాయి, రేపు వేళ్ళని మింగితే? తర్వాత నా మనవరాలు ఎపిఫానియా తొడుక్కుంది. నాలుగడుగులు వేసి, "అవ్వా, కింద నేలుందా?" అని అడిగింది. ఉందే పిచ్చిదానా, నీకూ దానికీ మధ్య పరుపు వేశారు అన్నాను. పిల్లలకి మాత్రం ఆ రంగులు నచ్చాయి. తీసి గోడకి తగిలించాను.

ఇంతకీ పరుగులో మడమని ముందు నేలకేసి కొట్టమని మీకెవరు చెప్పారు? తలుపు తడుతున్నారా? మడమ నిలబడటానికి. పరుగెత్తేటప్పుడు ముందు పాదం ముందుభాగం తాకాలి, బయటి అంచు మీదుగా. ఆ తర్వాత మడమ వచ్చి నేలని పలకరించి వెళ్ళాలి, అంతే. అడుగు పొట్టిగా వేయాలి, ఒంటి కిందే పడాలి. మోకాలు కాస్త వంగి ఉండాలి. నీ అడుగు చప్పుడు నీకే వినబడితే తప్పు వేస్తున్నట్టు. కాలు సరిగ్గా దిగితే టైరు ముక్క, తోలు తాడు చాలు. మేం చెప్పులు కట్టుకునేది రాళ్ళకి జడిసి, నేలకి జడిసి కాదు.

ఇది సవాలు కాదు, బతిమాలుతున్నాననుకో. జట్టుని పంపు. ఎవర్నయినా సరే. ముసలాళ్ళయినా, కుంటుతున్నా పరవాలేదు. పందెం జరగాలి.

ఇట్లు,
సెనోబియా
(అదే బొటనవేలు)

తా.క.: అవును, పేరున్న మూలే తింది. అక్షరాలు తిన్న ప్రాణి ఈ ఊళ్ళో ఇలారియా తర్వాత అదే.

రాసిన ఇలారియా సొంత మాట: అమ్మా రెబెకా, ఈవిడ నన్ను పని చేసుకోనివ్వడం లేదు. జ్వరంతో వచ్చినవాళ్ళని కూడా "పరుగెత్తగలవా?" అని అడుగుతోంది. త్వరగా ఎవర్నో ఒకర్ని పంపండి.

*

చివావా

సెనోబియా అవ్వగారికి,

కూర్చునే రాస్తున్నాను. నిలబడలేను కాబట్టి.

మీ ఉత్తరం చదివాక ఉండబట్టలేక, భోజనాల వేళ ఆఫీసు వరండాలో బూట్లు విప్పి మీరు చెప్పినట్టు పరుగెత్తాను. నిజమే అవ్వా, చప్పుడే లేదు! ఎంత లేదంటే, మలుపులో ఎవరార్దో గారు నేనొస్తున్నట్టు తెలియక కాఫీతో సహా నా మీద పడ్డారు. మర్నాడు పొద్దున పిక్కలు ఎలా పట్టేశాయంటే మెట్లు వెనక్కి తిరిగి దిగాను. అయినా రోజూ కొంచెం కొంచెం పరుగెడుతున్నాను. ఎందుకో మానలేకపోతున్నాను.

అసలు కబురు వినండి. జట్టు దొరికింది!

గోదాములో బూట్లు పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళున్నారు. వాళ్ళూ లోయల వైపు నుంచి వచ్చినవాళ్ళేనని తెలుసు. ఏ ఊరో నేనెప్పుడూ అడగలేదు. వాళ్ళ దగ్గరికెళ్ళి, "వసిగోచిలో సెనోబియా అనే పెద్దావిడ మనల్ని పందానికి పిలుస్తోంది, ఎవరైనా వస్తారా?" అన్నాను. అంతా ఒక్కసారి చేతిలో పని ఆపేశారు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ మీ భాషలో ఒకేసారి మాట్లాడుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. అందరి చేతులూ లేచాయి.

ఎవరార్దో గారు కూడా ఒప్పుకున్నారు. ఎవరు గెలిచినా బూట్లతో గెలిచినట్టే ఫొటో వస్తుందని ఆయన లెక్క. మొక్కజొన్న కోతలవగానే లారీలో వస్తున్నాం. నేను కూడా పరుగెత్తుతాను.

మీ
రెబెకా

తా.క.: మా గోదాము ఆడవాళ్ళు సాయంత్రాలు పెరట్లో వలయం విసురుతున్నారు. మేనేజరు గారి కారు అద్దం వచ్చే జీతాల్లోపు బాగుచేయిస్తారట.

*

వసిగోచి

నా బిడ్డ రెబెకాకి,

క్విరా, క్విరా, క్విరా! గుసగుసగా చెప్పి రాయిస్తున్నాను. అరిచి అరిచి గొంతు పోయింది.

ఆ రోజు లారీ ఆగగానే నేను గుమ్మంలో కొయ్యలా నిలబడిపోతే, "అవ్వా, ఒంట్లో బాగాలేదా?" అని నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. ఎందుకలా నిలబడ్డానో ఇప్పుడు విను.

మొదట దిగినావిడ ఉందే, పచ్చ గౌను, ఎత్తు పళ్ళు? ఆమె మక్లోవియా. ఆమె వెనక దిగినవాళ్ళంతా, ఒక్కొక్కళ్ళే, అందరూ, రికుబాచి ఆడవాళ్ళు! ఏటి అవతలి గట్టు మొత్తం నీ లారీలోంచి దిగింది! ఇన్నేళ్ళూ ఎక్కడున్నారో తెలియనివాళ్ళు నీ బల్ల పక్క గదిలో బూట్లు సర్దుతున్నారటే! మక్లోవియా దిగుతూనే ఏమందో తెలుసా? "ఏమే సెనోబియా, ఇంకా చావలేదా?" అంది. "నిన్ను ఓడించకుండా చస్తానా?" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. మా కళ్ళలో దుమ్ము పడిందని ఇలారియా నీకు చెప్పింది. దుమ్ము కాదు.

నువ్వు రెండో చుట్టులో కొండ మలుపు దగ్గర కూలబడ్డావు కాబట్టి చివర చూడలేదు, మొదట్నుంచీ చెబుతాను. మక్లోవియా జట్టంతా టైరు చెప్పులతో దిగింది. "రోజంతా బూట్లు సర్దే మాకు వాటి మొహం చూడాలని ఉంటుందా?" అంది. ఇక మా పిల్లలు! నేను కల్లు పోస్తున్నప్పుడు గోడ మీద బూట్లు దింపి తొడుక్కున్నారు. "నగరం వాళ్ళు ఎలాగూ వీటితోనే వస్తారు అవ్వా, మనం తగ్గితే ఎలా?" అందట ఎపిఫానియా. మొదటి చుట్టులో ఎగిరెగిరి పడ్డారు. మడమలతో నేలని దంచారు, వాళ్ళొస్తున్నట్టు లోయంతా తెలిసింది. ఏరు దాటాక ఒక్కో బూటులో కుండెడు నీళ్ళు. ఎపిఫానియా బూటులోంచి చేపపిల్ల దూకిందని పందెం చూసినవాళ్ళు ఒట్టేస్తున్నారు. మూడో చుట్టుకి మడమలు పొక్కి, బూట్లు చేత్తో పట్టుకుని పరుగెత్తారు. అప్పటికి అవతలి గట్టు వాళ్ళు వలయాన్ని గీత దాటించేశారు.

మేం ఓడాం! చిత్తుగా ఓడాం! మీ మేనేజరు ఫొటోలో గెలిచినవాళ్ళ కాళ్ళకి టైరు ముక్కలు, ఓడినవాళ్ళ చేతుల్లో ఆయన బూట్లు. పాపం, ఆ ఫొటోని ఆయన తలకిందులుగా కూడా చూశాడు.

నా మేకా, దుప్పటీ, మీ పెట్టే మక్లోవియా పట్టుకుపోయింది. మేక లారీ ఎక్కనని మొండికేస్తే నేనే ఎక్కించాను. అయితే మళ్ళీ పందేనికి రోజు చెప్పందే లారీని కదలనివ్వం అంటూ రెండు జట్ల ఆడవాళ్ళూ చక్రాల ముందు కూర్చున్నారు కదా! ప్రతి ఏడూ కోతలయ్యాక సెలవులిస్తానని మీ మేనేజరు అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆయన సంతకం నాకు చదవడం రాదు కాబట్టి బూటు విప్పించి బొటనవేలి ముద్ర వేయించాను. ఎంత మెత్తటి పాదమో! పసిబిడ్డ పాదం కూడా అంత మెత్తగా ఉండదు.

ఇవాళే మా పిల్లల్ని రాళ్ళ మీదికి తోలాను. నువ్వూ మానకు. పందేనికొక్క మలుపు ఎక్కువ పరుగెత్తినా చాలు.

ఇట్లు,
పోటీదారులు ఉన్న
సెనోబియా
(రెండు కాళ్ళ బొటనవేళ్ళ ముద్రలు)

తా.క.: పరుగుకి ముందు నువ్వు విప్పిన బూట్లు మా పొయ్యి పక్కనే ఉన్నాయి. లారీ ఎక్కేటప్పుడు కూడా గుర్తుకు రాలేదా? ఇలారియా పార్సెల్ కట్టబోతే చెయ్యి మీద కొట్టాను. పంపను. కావాలంటే వచ్చి గెలుచుకుపో.