సర్కారు లెక్కలో నా కోటు

న్యూ బెడ్‌ఫర్డ్, అమెరికా,
జూలై నెల.

అక్క దియోలిందకి,

తమ్ముడు బెలర్మీనో దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం కులాసా. పీకో దీవిలో నువ్వూ నీ ఆవులూ అలాగే ఉన్నారనుకుంటాను. నా రాత కోడి కెలికినట్టుందని పోయినసారి వెక్కిరించావు. చదవగలిగావుగా, చాల్లే.

మోకాలెలా ఉందన్నావు. ఉంది. ఆకుకూర సూప్ కాచుకుంటున్నావా అన్నావు. కాచుకుంటున్నా, నీ చేతి రుచి రాదు. పండక్కి రాకుండా ఆపే ఆ సర్కారు కాగితం ఏమిట్రా అని కోప్పడ్డావు. చెబుతా విను.

మా జాలర్ల సంఘానికి సంక్షేమ నిధి ఉంది. జబ్బుకీ, కళ్లద్దాలకీ, చావు ఖర్చుకీ డబ్బు అందులోంచే. దాని పెద్దల్లో నేనొకణ్ణి. ఏటా జూలై ఆఖరులోగా సర్కారుకి లెక్క పంపాలి. ఎంతొచ్చింది, ఎంతపోయింది, పనిలో ఎందరున్నారు, దిగిపోయినవాళ్లెందరు అని. అంతా నిజమని కింద మేం సంతకం పెట్టాలి. ఆలస్యమైతే జరిమానా.

ఆ లెక్క రాసే పిల్ల గ్రాసా ఈసారి పేర్లు పట్టుకుని ఓడల దగ్గరికే వెళ్లి చూసింది. మన ఆనవాయితీ నీకు తెలుసుగా, నాన్న పడవలోనూ అంతే. పని మానేసిన ముసలాడి పేరు ఎవరూ కొట్టెయ్యరు. వాడంతట వాడొచ్చి కొక్కెం మీంచి తన వానకోటు తీసుకునేదాకా వాడు ఓడ మనిషే. అందుకని ఓడలవాళ్లు చెప్పే లెక్కలో ముసలాళ్లంతా పనిలో ఉన్నట్టే.

నాకు ఒళ్లు మండింది. సంఘం ఆఫీసులో అందరి ముందూ, నాలాగే ముసలి జాలరి ఓస్వాల్డో మీద అరిచాను. "ఒరే ఓస్వాల్డో, పోయి నీ కోటు తెచ్చుకోరా. నాచేత సర్కారుకి అబద్ధం చెప్పిస్తావా?"

వాడు నవ్వాడు. "ముందు నీ కోటు సంగతి చూసుకోవయ్యా పెద్దమనిషీ. దాని జేబులో ఎలకలు పిల్లల్ని పెట్టాయి."

అందరూ పగలబడి నవ్వారు. గ్రాసా నవ్వలేదు. "బాబాయ్, మిమ్మల్ని ఎందులో రాయమంటారు?" అంది మెల్లగా.

అక్కా, ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఇదే. నేను సముద్రం మీదకి పోయి రెండు చలికాలాలైంది. ఓడ వదలదు, సెలవు దొరకదు అని రాసిందంతా వట్టిది. మోకాలు లొంగట్లేదు. దిగిపోయానని నా చేత్తో రాయడానికి మనసొప్పలేదు. ఓడలో కోటుంటే నేనూ ఉన్నట్టే కదా అనుకున్నాను.

ఓడ దగ్గరికి పోయాను. కెప్టెన్ నన్ను చూసి టోపీ తీశాడు. ఒక్క జాలిమాట అనుంటే తన్నేవాణ్ణి. కోటు తీసుకుని, దులిపి, భుజాన వేసుకుని ఆఫీసుకొచ్చాను. "దిగిపోయినవాళ్లలో రాయమ్మా" అన్నాను. పేరు మొత్తం రాసి సంతకం పెట్టాను. లెక్క గడువులోపే వెళ్లిపోయింది. నా వెనకే ఓస్వాల్డో కూడా తిట్టుకుంటూ వాడి కోటు తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి చేపలు వేయించుకుని మారు వడ్డించుకు తిన్నానంటే నమ్ముతావా?

టిక్కెట్టు కొన్నాను. ఆగస్టు పండక్కి వస్తున్నా. మళ్లీ ఎప్పుడు పోతావని అడక్కు. వానలో ఆవుల్ని తోలే మనిషి లేడని రాశావుగా. కోటు తెస్తున్నాను. పాక గోడకి ఒక మేకు కొట్టించి ఉంచు.

ఇట్లు,
నీ మొండి తమ్ముడు
బెలర్మీనో