సూది మొన

2003 ఆగస్టు, శుక్రవారం రాత్రి. బెంగళూరు పక్కన బొమ్మసంద్ర.

పోయిన నెల గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ సూది నా ఎడమ చేతి బొటనవేలిలో దిగి విరిగింది. అక్కడ విరిగిన ముక్కలన్నీ దొరికితేగానీ లైన్ నడపరు. మొన ఒక్కటే దొరకలేదు. సూపర్‌వైజరు నేలంతా అయస్కాంతంతో వెతికించి, చివరికి ఆ గుడ్డనే పారేయించాడు. వేలు మానింది, నేనూ మరిచిపోయాను.

ఈ రోజు మా ఆయన పాత రేడియో విప్పి, స్పీకరు అయస్కాంతం బయటికి తీశాడు. అది నా తాళిబొట్టుకి అంటుకోలేదు సరే, స్టీలు లోటాకీ అంటుకోలేదు. ఎందుకని అడిగాను.

"ఆ స్టీల్లో నికెల్ కలిపింటారు మే, లోపలుండే ఇనుము ఒక పక్కకి తిరగదు. సూది అట్ల కాదు. ఇది దగ్గరికొస్తే లోపలంతా ఒకే పక్కకి తిరిగి దీన్ని పట్టుకుంటాది," అన్నాడు.

సూది అనగానే ఆ దొరకని మొన గుర్తొచ్చింది. ఆయన స్నానానికి వెళ్లాక బొటనవేలి మీద అయస్కాంతం పెట్టి చూశాను. ఏమీ లేదు. హమ్మయ్య అనుకుని, ఊరికే చేతి వెంబడి పైకి జరిపాను.

మోచేతి మడత దగ్గర, చర్మం కింద ఏదో చురుక్కుమని ఇటు తిరిగింది.

కుట్టు టేపు తీసి, అక్కడి నుంచి గుండె దాకా కొలవబోయాను. సగంలోనే చుట్టేశాను.