ఇసుక గడప దాటరాదు

జూన్ 3, సోమవారం

ఇంట్లో ఘోరం జరిగింది. తెల్ల శాటిన్ గౌను నడుం పట్టీలో పిల్లి ఇసుక గింజ దొరికింది.

ఈ డైరీ భావితరాల చేతిలో పడవచ్చు కనుక కొంత నేపథ్యం. మా అక్క దర్జీ. మా ముందుగదిలో రెండు కుట్టు మిషన్లు, ఇస్త్రీ బల్ల పోగా మిగిలిన నేలంతా పరిచిన బట్టే. ప్రస్తుతం ఒక పాటల బృందానికి తెల్ల గౌన్లు కుడుతోంది. నేను ఆమె తమ్ముణ్ణి. డిగ్రీ చదివి, బీమా ఆఫీసులో కూర్చుని, "మీకు జరిగిన నష్టానికి మిక్కిలి చింతిస్తున్నాము, అయినప్పటికీ" అని మొదలయ్యే ఉత్తరాలు రాస్తుంటాను. ఇంట్లో మూడో సభ్యులు మేనేజరుగారు. బూడిదరంగు గండుపిల్లి. తెచ్చింది నేను, పేరు పెట్టింది అక్క. "తను పని చెయ్యదు, చేసేవాళ్ళ మీద ఎక్కి కూర్చుంటుంది. ఇంకేం పేరు పెట్టమంటావు?" అంది.

ఇవాళ బృందం పెద్దావిడ కొలత చూసుకోవడానికి వచ్చింది. గౌను వేసుకుని రెండడుగులు నడిచి, "నడుం దగ్గర ఏదో గరగరమంటోందమ్మా" అంది. అక్క కుట్టు విప్పి, సూది మొనతో ఆ గింజను తీసి, ఆవిడ వెళ్ళేదాకా గుప్పిట్లోనే దాచుకుని, తర్వాత నా ముందు అరచెయ్యి తెరిచింది.

"ఏంటిది?"

"ముత్యం."

"ఒరేయ్."

తీర్పు వెలువడింది. రెండు వారాల గడువు. ఈలోగా, బాత్రూంలో మేనేజరుగారు కాలకృత్యాలు తీర్చుకునే డబ్బాలోని ఇసుక గడప దాటడం ఆగాలి. లేకపోతే మేనేజరుగారికి పిన్ని ఇంటికి బదిలీ. పిన్నికి ఆరేళ్ళ కవలపిల్లలు. పోయినసారి వాళ్ళు ఆయనకు టోపీ పెట్టి, బుగ్గలకు రంగు పూసి, బొమ్మల ఊయలలో పడుకోబెట్టి జోల పాడారు. ఇంటికొచ్చాక ఆయన మంచం కిందినుంచి బయటికి రాలేదు.

కాబట్టి తీర్మానం. డబ్బాలో ఆయన వదిలినవి ఇసుక పట్టి గట్టిపడ్డ ఉండలను రోజూ రెండు పూటలా, చిల్లుల గరిటెతో, నేనే స్వయంగా తీస్తాను. మేనేజరుగారికి శుభ్రత నేర్పిస్తాను. ఆయన తెలివైనవారు, నేను ఓపికైనవాణ్ణి. రెండు వారాలు ఎందుకు, వారం చాలు.

జూన్ 4, మంగళవారం

రెండు పూటలా తీశాను. ఎంత తేలిక. జనం దీన్నో సమస్యగా ఎందుకు చెప్పుకుంటారో అర్థం కాదు.

ఆయన పని తీరును ప్రత్యక్షంగా పరిశీలించాను. బాత్రూంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. మేనేజరుగారు వచ్చారు. నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. చివరికి ఆయనే సర్దుకుపోయారు.

తవ్వకం అమోఘం. పాతిపెట్టిన నిధి కోసం వెతికినట్టు తవ్వుతారు. తవ్విన ఇసుకంతా వెనక్కి, అంటే గడప వైపుకు, ఎగజిమ్ముతారు. పని ముగిశాక ఒక్క గెంతులో ముందుగదిలో పడతారు. కాళ్ళు విదిలించుకునేది సరిగ్గా అక్కడే, శాటిన్ మీద.

జూన్ 5, బుధవారం

పరిష్కారం దొరికింది. పైకప్పు, ముందు ఊగే తలుపు ఉన్న డబ్బా. ఇల్లంటే ఇల్లే.

"ఇంక ఒక్క గింజ బయటికొస్తే నన్నడగండి. మా ఇంట్లో కూడా ఇదే" అన్నాడు దుకాణాయన.

"మీకెన్ని పిల్లులండీ?"

"మాకు కుక్కండి."

సాయంత్రం గృహప్రవేశం. మేనేజరుగారు తలుపు తోసి తల లోపల పెట్టారు. ముందుకాళ్ళు పెట్టారు. అక్కడితో ఆగిపోయారు. తల లోపలుంటే తాను లోపలున్నట్టేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే కార్యక్రమం మొత్తం వెనక్కి, బయటికి, నా చెప్పుల మీదికి.

కొత్త చెప్పులు కావు. అదొక్కటే ఊరట.

జూన్ 6, గురువారం

లోపం వాసనలో ఉందని తేల్చాను. పాత డబ్బానే మళ్ళీ దించి, నిమ్మవాసన వేసే నేల తుడిచే మందుతో తళతళలాడేలా కడిగాను. పూలవాసన ఇసుక పోశాను. బాత్రూంలోకి వెళ్తే తోటలోకి వెళ్ళినట్టుంది. నాకైతే అక్కడే కుర్చీ వేసుకుని చదువుకోవాలనిపించింది.

మేనేజరుగారు వాసన చూసి మొహం అదోలా పెట్టారు. తర్వాత ఇసుకకు కాలు తగలకుండా నాలుగు కాళ్ళనూ డబ్బా అంచు మీద పెట్టి, సర్కస్‌లో తీగ మీద నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆ సమతూకం చూసి చప్పట్లు కొట్టబోయాను. ఇంతలో పడాల్సింది పడింది. డబ్బా బయట.

అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఇదివరకు ఇసుక ఒక్కటే బయటికొచ్చేది. నువ్వు రంగంలోకి దిగాక అన్నీ వస్తున్నాయి."

జూన్ 8, శనివారం

పిల్లుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మేనేజరుగారు దారి పొడుగునా బుట్టలోంచి ఉపన్యసించారు.

డాక్టరమ్మ ఆయన్ని బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒంట్లో ఏమీ లేదు, పుష్టిగా ఉన్నాడు. డబ్బా ఎంతుంది?"

చేతులు చాపి చూపించాను.

"పిల్లి ఎంతుంది?"

చేతులు ఇంకా చాపాల్సి వచ్చింది.

"డబ్బా మీద పిల్లి బొమ్మ ఉందండీ, సరిపోతుందనుకున్నా" అన్నాను.

"అది పిల్లిపిల్ల బొమ్మ అయ్యుంటుంది. డబ్బా ఎక్కడ పెట్టారు?"

"బాత్రూంలో, వాషింగ్ మిషన్ పక్కన."

"మిషన్ గడగడలాడుతుంటే మీరైతే స్థిమితంగా కూర్చుంటారా?"

నిజమే మరి. ఆయన గెంతడం కాదు పాపం, పారిపోవడం.

ఆవిడ చెప్పింది: పెద్ద ప్లాస్టిక్ టబ్బు, గోడలు ఎత్తుగా. ఎక్కి దిగడానికి ఒకవైపు తగ్గించి కోయాలి. వాసన లేని ఇసుక. బయట ఒక గరుకు పట్టా. నిమ్మ గిమ్మ జోలికి పోవద్దు, పిల్లులకి గిట్టదు.

"రోజూ రెండు పూటలా ఉండలు తియ్యాలి. మిగతాది పిల్లే చూసుకుంటుంది. తీసేదెవరు?"

"నేనే" అన్నాను ఛాతీ విరుచుకుని.

ఆవిడ మా అక్క ఫోన్ నంబరు కూడా రాసుకుంది. ఎందుకో తెలియదు.

జూన్ 9, ఆదివారం

అక్క బయటికెళ్ళింది. అటక మీద నీలం టబ్బు దొరికింది. పక్కన పడుకోబెట్టి కొలవబోతే మేనేజరుగారు తానే అందులోకి దిగి పడుకుని సమ్మతి తెలిపారు. ఇక ఒకవైపు కోయడమే మిగిలింది.

వంటింటి చాకు జారింది. వంటింటి కత్తెర వంగింది. అప్పుడు అక్క బల్ల మీద, పొడుగ్గా, బరువుగా, మెరుస్తూ, ఇంకొకటి కనిపించింది. వెన్న కోసినట్టు కోసింది.

దర్జీ ఇంట్లో బతికేవాడికి చీమకు తెలిసినంతైనా ధర్మం తెలిసుండాలి. బట్ట కత్తెర బట్టకే. దాంతో కాగితం కోసినా మహాపాపం. నేను ప్లాస్టిక్ కోశాను.

అక్క వచ్చి శాటిన్ మీద కత్తెర వేసింది. కత్తెర కోయలేదు, నమిలింది. అంచు దగ్గర నీలం పొట్టు కనిపించింది. అక్క అరవలేదు. కత్తెర కింద పెట్టి, లోపలికెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చింది. అరిచినా బాగుండేది.

"ఏం కోశావురా?"

"మేనేజరుగారి భవిష్యత్తుకి ద్వారం."

"సాన పట్టించుకురా. ఇప్పుడే."

సాన పట్టించి తెచ్చాను. అక్క దారం చివర కోసి చూసి, సొరుగులో పెట్టి తాళం వేసింది. ఇంతకాలం ఆ సొరుగుకు తాళం ఉందన్న సంగతే నాకు తెలియదు.

జూన్ 11, మంగళవారం

విజయం. టబ్బును మిషన్‌కి దూరంగా, అవతలి మూలకు జరిపాను. మేనేజరుగారు నిదానంగా దిగుతున్నారు, తవ్వుతున్నారు, కప్పుతున్నారు, పట్టా మీద కాళ్ళు తుడుచుకుని మరీ వస్తున్నారు. ఎగజిమ్మిన ఇసుక గోడకు తగిలి లోపలే పడుతోంది. నేను రెండు పూటలా తీస్తున్నాను.

అక్క గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నేల రాసి చూసింది. ఏమీ అంటలేదు.

"పర్లేదురా" అంది. అక్క నోట ఈ మాట నా డిగ్రీకి కూడా రాలేదు.

జూన్ 12, బుధవారం

ఆఫీసులో భోజనాల వేళ "జంతువులలో క్రమశిక్షణ" గురించి మాట్లాడాను. ఇద్దరు విన్నారు. ఒకతను మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. అతను అన్నం తింటున్నాడు, నా తప్పే.

రాత్రి అలసిపోయాను. మాట్లాడటం కూడా పనే కదా. రాత్రిది పొద్దున్నే, పొద్దున్నదాంతో కలిపి తీసేస్తాను. లెక్కకు రెండూ రెండే.

జూన్ 13, గురువారం

పొద్దున లేవడం ఆలస్యమైంది. టబ్బులోకి తొంగి చూశాను. అంత ఎక్కువేం లేదు. అనుకుంటే ఏదైనా తక్కువగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆయనకు స్వావలంబన నేర్పాలి. అన్నీ మనమే చేసిపెడితే ఎదుగుదల ఎలా?

జూన్ 14, శుక్రవారం

గరిటె కనిపించలేదు. వెతకలేదు కూడా, అది వేరే విషయం. ఆఫీసులో చింతించాల్సిన ఉత్తరాలు మరీ ఎక్కువైపోయాయి. మేనేజరుగారు నా గది గుమ్మంలో నిలబడి ఒకసారి అరిచారు. ఆకలేమోనని తిండి పెట్టాను. తినలేదు.

జూన్ 15, శనివారం

అయిపోయింది.

ముందుగది మూలలో అక్క కత్తిరింపు ముక్కలు వేసే బుట్ట ఉంటుంది. తెల్లటి శాటిన్ పీలికలు, మెత్తగా, శుభ్రంగా. ఇవాళ మేనేజరుగారు అందులో దిగి, తవ్వి, పని ముగించి, పీలికలు కప్పి, వచ్చేశారు. కుట్టడం పూర్తయిన గౌన్లు ఆ పక్కనే కొక్కేలకు వేలాడుతున్నాయి. ఇంకో మూర ఇటు జరిగుంటే అక్క ఇన్నాళ్ళ కష్టం నాశనం.

అక్క బుట్ట చూసింది. గౌన్ల అంచులు ఒక్కొక్కటే వెలుతురులో పట్టుకుని చూసింది. తర్వాత ఫోన్ తీసింది.

"పిన్నీ, రేపు ఖాళీయేనా? అవును, మా పిల్లి గురించే. పిల్లల్ని కూడా తీసుకురా, సంబరపడతారు."

"అక్కా, ఇంకా రెండు రోజులుంది గడువు" అన్నాను.

"ఈ గౌన్లు పాడైతే నాకు గడువు ఇచ్చేవాళ్ళెవరూ లేరురా."

దానికి నా దగ్గర ఉత్తరం లేదు.

మేనేజరుగారు ప్రయాణపు బుట్ట మూత మీద ఎక్కి పడుకున్నారు. అది దేనికి దించామో ఆయనకు తెలియదు. పొట్ట కింద చెయ్యి పెడితే హాయిగా గురగురలాడారు. ఇవాళ జోకులేమీ తోచడం లేదు.

జూన్ 16, ఆదివారం

లేచేసరికి బాత్రూంలోంచి గరగరా చప్పుడు. అక్క టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఉంది, చేతిలో గరిటె. (నా గదిలోనే దొరికిందట, మంచం కింద.) మొత్తం తీసేసింది. కొత్త ఇసుక పోసింది. మేనేజరుగారు ఎంతసేపటినుంచో బస్సు కోసం చూస్తున్నవాళ్ళలా పక్కనే నిలబడి ఉన్నారు. అక్క లేవగానే దిగారు. తవ్వారు, కూర్చున్నారు, కప్పారు, కాళ్ళు తుడుచుకున్నారు, బయటికి నడిచారు.

అక్క అరచేత్తో గడప రాసింది. చెయ్యి చూసుకుంది. నావైపు తిప్పి చూపించింది. శుభ్రం.

"ఎన్నాళ్ళైందిరా తీసి?"

"బుధవారం పొద్దున తీశాను."

"మూడు రోజులు ఓపిక పట్టింది. నేనైతే ఒక్కరోజు కూడా పట్టేదాన్ని కాదు. తప్పెవరిది?"

"వ్యవస్థది."

"ఆ వ్యవస్థని మొహం కడుక్కుని రమ్మను" అని అక్క ఫోన్ అందుకుంది. "పిన్నీ, రావొద్దులే. అబ్బే, పిల్లి మంచిదే. పిల్లకాయతోనే చిక్కు."

నాకు అక్క కాళ్ళ మీద పడాలనిపించింది. కాళ్ళ దగ్గర మేనేజరుగారు ముందే ఉన్నారు.

ఫోన్ పెట్టేసి అక్క టబ్బు ఒకవైపు పట్టుకుంది. "రెండోవైపు పట్టు."

"ఎక్కడికి?"

"నీ గదిలోకి. నీ తలగడ పక్కకి. ఇసుకొస్తే నీ పక్క మీదికే వస్తుంది. వాసనొస్తే నీకే ముందొస్తుంది. నా గది దాకా రాకముందే నీకు బుద్ధొస్తుంది."

జూన్ 17, సోమవారం

ఉదయం.

తీర్మానం: నేటి నుండి రోజూ రెండు పూటలా, ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకుండా, ఉండలను తీయగలవాడను. అలసట, ఆఫీసు, వ్యక్తిత్వ వికాసం మొదలైన కారణాలు చెల్లవు. ఇది పాత తీర్మానం వంటిది కాదు. దీనికి పునాది గట్టిది, ఎందుకంటే అది నా ముక్కుకు జానెడు దూరంలో ఉంది. రాత్రి తలగడలో రెండు ఇసుక గింజలు దొరికాయి. అవి గుచ్చుకుంటాయి. బృందం పెద్దావిడ మీద గౌరవం పెరిగింది.

ఈ సందర్భంగా శుభ్రత అనే మహత్తర విషయం మీద నా ఆలోచనలు కొన్ని విపులంగా రాయదలచుకున్నాను. మొదటిది,

మేనేజరుగారు వచ్చారు. టబ్బు పక్కన కూర్చున్నారు. దిగడం లేదు. టబ్బును చూశారు, గరిటెను చూశారు, నన్ను చూస్తున్నారు. రెప్ప వేయడం లేదు.

రాయడం ఆపమంటున్నారు. ఆపుతున్నాను.