భుజం మీది టీకా మచ్చ

చెల్లె ఈరవ్వకు, నిజామాబాదులో నేను క్షేమం.

కొత్త రకం కరోనాకు కొత్త సూది వచ్చేదాకా ఆగుదామనుకున్నాం కదా. నిన్న దవాఖానలో డాక్టరమ్మ నా భుజం మీది మశూచి టీకా మచ్చను తాకి, "బాపూ, చిన్నప్పటి సూదిని నీ ఒళ్లు ఇంకా యాదుంచుకున్నది. కరోనా ఏషాలు మారుస్తది, అందుకే ఒంటికి మల్ల మల్ల యాది చెయ్యాలె. కొత్త సూది కోసం ఆగకు" అన్నది. ఇన్నేళ్లూ నాకు తెలియకుండానే నా ఒళ్లు కాపలా కాస్తోందా! ఆ మచ్చను ఎంతసేపు చూసుకున్నానో. అక్కడే బూస్టర్ వేయించుకున్నాను. కాస్త జ్వరం వచ్చి తగ్గింది.

బడిలో మనిద్దరికీ ఒకేరోజు టీకా వేస్తే నువ్వు నా చొక్కా పట్టుకుని ఏడ్చావు. ఇప్పుడు నీకు షుగరుంది, ఇక ఆగొద్దు. ఆదివారం మీ ఊరు మోస్రా వస్తాను, మర్నాడు ఇద్దరం దవాఖానకు పోదాం. చెరుకు కొట్టుడు అయిందా? పిల్లలకు దీవెనలు.

మీ అన్న దేవన్న