కంచెలో మొలిచినవి

ఆగస్టు, శుక్రవారం రాత్రి

ఈరోజు మగ్గం ఆపి నేనూ మా ఆయనా మిట్టచేను కాడికి పోయినాము. పోయినేడు మా ఆయన ఆడ కానుగ మొక్కలు నాటి, మేకలు తినకుండా ఒక్కోదాని సుట్టూ ఎండు కంపతో కంచె వేసినాడు. ఎండాకాలమంతా నేను బిందెలు మోసినా ఒక్కటీ బతకలే. ఆ కంప పొయ్యిలోకైనా పనికొస్తుందని పోయినాము.

కంప ఎత్తితే కింద రేగు మొలకలు, వేప మొలకలు! ఎవరూ నాటినవి కావు. కంప మీద వాలిన పికిలిపిట్టలు పండ్లు తిని విత్తనాలు వేసిపోయినట్టున్నాయి. మేకల నోటికి అందక పెరిగినాయి. ఎత్తిన కంపను మెల్లగా మళ్లీ ఆడనే పెట్టినా.

రెండుచోట్ల సర్కారు కంప మొలకలు కూడా కనపడితే పీకేసినా. అది పెరిగితే పక్కన దేన్నీ బతకనీదు. ఇంకా యాడన్నా మిగిలిందేమో, ఇంకో వాన పడినాక పోయి సూడాల...

ఉత్త చేతులతో ఇంటికొచ్చినా మనసు మాత్రం నిండుగా ఉంది. మా ఆయనకైతే సంబరం ఆగలే. అన్నం తింటా, "రేపు పోయి పాదులు తీసి, ఎరువేసి, నీళ్లు పోస్తా" అన్నాడు.

"నువ్వు పాదులు తీసినవన్నీ సచ్చిపోయినాయి గదా. ఈటి జోలికి పోవాకు, సామీ!" అన్నాను.